మీ నాన్న మాటల పుస్తకం

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి రెండుసార్లు చదువుకున్నాను. నాన్నకి ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా, అంటే మాట మెల్లమెల్లగా పోయే జబ్బు అని తేలిందనీ, స్పీచ్ థెరపీ ఇంటి నుంచే వీడియోలో చేయించమన్నారనీ, తగ్గని జబ్బుకి ఆ థెరపీ ఎందుకనీ అడిగావు. ఇదే జబ్బు వచ్చిన మీ పెదనాన్న పక్కన నాలుగేళ్లు కూర్చుని చేయించినదాన్ని. చేయించమనే చెబుతాను.

పక్షవాతంతో మాట పడిపోతే థెరపీతో చాలామందికి కొంతైనా తిరిగొస్తుంది. ఇది అలాంటిది కాదు. భాషను చూసుకునే మెదడు భాగం మెల్లమెల్లగా దెబ్బతింటుంది. మెసులమ్ అనే డాక్టరు 1982లో దీని గురించి రాశారు, దీన్ని ఆపే మందు మాత్రం ఇంకా రాలేదు. అందుకని పోయిన మాటల వెంట పడొద్దు. ఇంకా ఉన్నవాటిలో నాన్నకి రోజూ కావలసినవి ఏరుకుని, వాటిని వీలైనన్నాళ్లు నిలబెట్టుకోవాలి. ఆయనతో ఎలా మాట్లాడాలో మనమూ నేర్చుకోవాలి. షికాగోలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు వీడియో కాల్‌లో చేయించిన థెరపీలో కూడా జబ్బుమనిషితో పాటు ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టారు.

మేం మొదట పెట్టుకున్న థెరపిస్టు పిల్లల బొమ్మల కార్డులు చూపించింది. ఆపిల్, బాతు, బంతి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. మూడో కార్డుకి ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ మూత వేసేసి, లేచి వరండాలోకి వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన మొహం నాకిప్పటికీ గుర్తే. రెండో ఆవిడ తెలుగమ్మాయి. మొదటి రోజే, "ల్యాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా ఒకసారి చూపించండి మేడమ్" అంది. ఆయన స్టీలు గ్లాసు, చేతికర్ర, మందుల డబ్బా, పెరట్లో కరివేపాకు చెట్టు, అన్నీ ఫొటోలు తీయించింది. వాటిని లాంగ్ నోట్‌బుక్కులో అతికించి, కింద పెద్ద అక్షరాలతో ఆయన చేతే పేర్లు రాయించాం. ఇంటి నుంచి చేయించడంలో గొప్పతనం అదే తల్లీ, ఆయన వాడే వస్తువులతోనే పాఠం నడుస్తుంది.

మాట రాకపోతే వెంటనే అందించకు. "అది ఎక్కడుంటుంది? దేనికి వాడతాం?" అని అడుగు. రాకపోతే మొదటి అక్షరం చెప్పు, ఇంకా రాకపోతే రాసి చూపించు. అప్పటికీ రాకపోతే నువ్వే చెప్పేసి, కలిసి ఒకసారి అనండి. చుట్టాల ముందు మాత్రం "ఇదేంటో చెప్పు నాన్నా" అని పరీక్షలు పెట్టకు, ఎవరినీ పెట్టనివ్వకు. మనిషి ముడుచుకుపోతాడు.

మందుల షాపులో, బస్సులో అనడానికి నాలుగు ముక్కలు తయారు చేయించు. పెదనాన్నవి ఇవీ: "నాకు మాట తొందరగా రాదు. విషయం తెలుసు. కొంచెం ఆగండి." ఆ అమ్మాయి ఇవే మాటలు నెమ్మదిగా పలుకుతూ, నోరు బాగా కనపడేలా వీడియో తీసి పంపింది. రోజూ టిఫిన్ అయ్యాక పావుగంట ఆ వీడియోతో పాటే పలికేవారు. మామూలు మాటలు తడబడుతున్న రోజుల్లో కూడా అవి వచ్చేవి.

మనం మాట్లాడే తీరు కూడా మారాలి. "రేపు హాస్పిటల్‌కి వెళ్లి, చూపించుకుని, వచ్చేటప్పుడు మందులు తెచ్చుకుందాం" అంటే, క్రియ వచ్చేసరికి ఆయన మొదటి ముక్క మర్చిపోతారు. "రేపు హాస్పిటల్." ఆగు. "తర్వాత మందులు." అంతే. "ఏం తాగుతారు?" అనే బదులు కాఫీ గ్లాసు, మజ్జిగ గ్లాసు రెండూ చూపించు.

సెషన్‌కి ఫోను చాలదు, పెద్ద స్క్రీను పెట్టు. కిటికీ వెలుగు ఆయన మొహం మీద పడాలి, వీపు మీద కాదు. టీవీ కట్టెయ్యి, ఆ టైముకి కుక్కరు పెట్టకు. ముందు చెవుల పరీక్ష, కళ్లజోడు సరిచూడటం చేయించు. థెరపిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు, అడగడంలో తప్పేం లేదు. ఎవరూ దొరక్కపోతే మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, అక్కడ కనుక్కో. నీళ్లు తాగుతుంటే పొలమారడం మొదలైతే అదే రోజు డాక్టరుకి చెప్పు.

అలసిపోయిన రోజు ఆపేయండి. చివరి ఏడాది పెదనాన్న నోట అయిదారు మాటలకి మించి రాలేదు. కానీ పుస్తకం తెరిచి, కరివేపాకు చెట్టు ఫొటో మీద వేలు పెట్టేవారు. పెరట్లోకి తీసుకెళ్లమని.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకు. నాన్న గొంతు ఇప్పుడే రికార్డు చేసి పెట్టు. మీ పేర్లు పిలవడం, పాత కబుర్లు, ఏవైనా సరే. మేం ఆ పని చేయలేదు. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. లాంగ్ నోట్‌బుక్కు, ఫెవికాల్ నేను తెస్తాను, ఫొటోలు నాన్న స్కూటరు దగ్గర మొదలుపెడదాం.

పెద్దమ్మ