జింకల వేటకు మొదటి రైఫిల్: భుజం తట్టుకునే క్యాలిబర్ ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది నర్సంపేట, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నారు. నవంబర్‌లో ఆఫీసు స్నేహితులతో మొదటిసారి వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్తున్నారు. మీ బరువు 58 కిలోలు. స్నేహితుడు .30-06 కొనమంటున్నాడు, షాపులో .300 విన్ మ్యాగ్ చూపిస్తున్నారు, మీకేమో తుపాకీ వెనక్కి తన్నుతుందని టెన్షన్. (ఈ అంకెలు క్యాలిబర్లు, అంటే రైఫిల్‌లో వాడే తూటా రకాల పేర్లు.)

.243 విన్‌చెస్టర్ కొనండి, లేదంటే 7ఎంఎం-08. ఆ .300 జోలికి మాత్రం వెళ్లకండి. నేను వెళ్లాను, దాని ఫలితం ఒక జింక అనుభవించింది.

నాది హనుమకొండ. తొమ్మిదేళ్లు విస్కాన్సిన్‌లో ఉండి వచ్చాను, అందులో ఆరు సీజన్లు వేటకు వెళ్లాను. అంతకుముందు తుపాకీతో నా పరిచయమంతా డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపే. మామునూరు దగ్గర బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చాం. నా ఐదు గుళ్లూ దగ్గర దగ్గరగా పడ్డాయని హవల్దార్ సార్ మెచ్చుకున్నారు. .22 అసలు తన్నదు. ఆ మెప్పు మనసులో పెట్టుకుని, నాకు గురి బాగా కుదురుతుందనే నమ్మకంతో అమెరికాలో షాపుకు వెళ్లాను.

షాపతను .300 విన్ మ్యాగ్ చేతిలో పెట్టి, ఇది ఒక్కటి కొంటే జింకకు, ఎల్క్‌కు, ఎలుగుకు అన్నిటికీ సరిపోతుందన్నాడు. ఎదిగే పిల్లాడికని రెండు సైజులు పెద్ద చెప్పులు కొన్నట్టు కొనేశాను. రేంజ్‌లో మూడో రౌండ్‌కే స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది, రక్తం కారింది. భుజం వారం రోజులు నల్లగా కమిలిపోయి ఉంది. అలవాటైతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. అది సర్దుకునే విషయం కాదని అప్పుడు తెలియలేదు.

విస్కాన్సిన్‌లో తుపాకీ సీజన్ థ్యాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులుంటుంది. మొదటి రోజు పొద్దున్నే ఎనభై గజాల్లో జింక నిలబడింది. అంత దగ్గర్లో గురి తప్పడానికి కారణమే లేదు. అయినా గుండు భుజం వెనక తగలాల్సింది, పొట్టలో తగిలింది. అది పరుగెత్తింది. మంచు మీద రక్తపు చుక్కలు చూసుకుంటూ చీకటి పడేదాకా తిరిగాం. మర్నాడు పొద్దున బురదనేలలో చచ్చిపడి కనిపించింది. రాత్రంతా అది ఎంత నరకం పడిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు. మా అమ్మమ్మ వాళ్లది తాడ్వాయి దగ్గర ఊరు. చిన్నప్పుడు అక్కడ చేను గట్టున అడవిపందికి పెట్టిన ఉచ్చులో దుప్పి చిక్కుకుని రెండు రోజులు గిలగిలలాడటం చూశాను. ఇన్నేళ్ల తర్వాత అలాంటి చావే నా చేతుల మీదుగా జరిగింది.

మా జట్టులో హుజూరాబాద్ అన్న ఒకాయన ఉండేవారు, ఇరవై ఏళ్లుగా అక్కడే వేటాడుతున్న మనిషి. తర్వాతి వారం నన్ను రేంజ్‌కు తీసుకెళ్లి, నా రైఫిల్ తాను తీసుకుని, నాకు కనబడకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ తూటా పెట్టి ఇచ్చారు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే చప్పుడు లేదు, తన్ను లేదు. కానీ బ్యారెల్ మాత్రం బెత్తెడు కిందికి దిగింది.

“చూసినవా తమ్మీ? తుపాకీ పేలకముందే నువ్వు కండ్లు మూస్తున్నవ్, భుజం ముందుకు నెడుతున్నవ్.”

“లేదన్నా, నేను కదల్లేదు.”

“మల్లొకసారి కొట్టు, ఈసారి నేను ఫోన్‌ల తీస్త.”

వీడియోలో స్పష్టంగా ఉంది. దెబ్బ పడబోతోందని ఒళ్లు ముందే బిగుసుకుపోతోంది. దీన్నే ఫ్లించ్ అంటారు. ఇందులో ధైర్యం, పిరికితనం ప్రసక్తే లేదు. కంటి ముందు ఎవరైనా చిటికేస్తే రెప్ప ఎలా పడుతుందో ఇదీ అంతే, మనసు చెప్పినా ఒళ్లు వినదు. రికాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) వల్ల అసలు నష్టం ఇదే. భుజం నొప్పి కొన్ని రోజుల్లో పోతుంది.

ఇక లెక్కలు. రికాయిల్‌ను ఫుట్-పౌండ్లలో కొలుస్తారు. మూడున్నర కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉండే మామూలు వేట రైఫిల్‌లో .243 (100 గ్రెయిన్ గుండు; గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే ప్రమాణం) దాదాపు 9 ఫుట్-పౌండ్లు తన్నుతుంది. 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08 రెండూ 12, 13 దగ్గర ఉంటాయి. .308 అయితే 16. .30-06 లో 180 గ్రెయిన్ గుండు పెడితే 20. .300 విన్ మ్యాగ్ 26 వరకు పోతుంది. మామూలు మనిషి ఇబ్బంది లేకుండా సాధన చేయగలిగేది 15 లోపే అని అనుభవజ్ఞులు చెప్తారు. నా అనుభవమూ అదే. నేను కొన్నది .243కి దాదాపు మూడింతలు తన్నే తుపాకీ.

ఈ అంకెల్లో రైఫిల్ బరువు కూడా కలిసే ఉంటుంది. అదే తూటాను తేలిక రైఫిల్‌లో పెడితే ఎక్కువ తన్నుతుంది. ఎనిమిది పౌండ్ల రైఫిల్ బదులు ఆరు పౌండ్లది తీసుకుంటే తన్ను మూడో వంతు పెరుగుతుంది. మోయడానికి సులువని ‘మౌంటెన్ రైఫిల్’ పేరుతో అమ్మే తేలిక రకాల్లో .308 కూడా .30-06 లాగా కొడుతుంది. మన పోలీస్ స్టేషన్లలో చూసిన పాత త్రీనాట్‌త్రీ గుర్తుందా? దాదాపు నాలుగు కిలోలుంటుంది. తన్నులో కొంత ఆ బరువే మింగేస్తుంది. టెక్సాస్‌లో ఎక్కువగా బ్లైండ్‌లో (జింకకు కనబడకుండా దాక్కునే గూడులో) కూర్చునే వేటాడతారు, కొండలెక్కే పని పెద్దగా ఉండదు. కాబట్టి బరువైన రైఫిలే మీకు మంచిది.

.243 జింకకు చాలదని మీ స్నేహితుడు అనవచ్చు. 1955 నుంచి దాంతో జింకలను కొడుతూనే ఉన్నారు. కాకపోతే తూటా పెట్టె కొనేటప్పుడు జాగ్రత్త. 55 గ్రెయిన్ లాంటి తేలిక గుండ్లు చిన్న జంతువుల కోసం చేసినవి, పైపైనే చిట్లిపోతాయి. జింక కోసం చేసిన 95 లేదా 100 గ్రెయిన్ గుండే తీసుకోండి. టెక్సాస్ హిల్ కంట్రీ జింకలు విస్కాన్సిన్ వాటికంటే చిన్నవి, దూరం కూడా చాలాసార్లు వంద గజాల లోపే. 7ఎంఎం-08 అంటే .308 తూటా మూతినే 7 మిల్లీమీటర్లకు బిగించినది. 140 గ్రెయిన్ గుండుతో కాస్త పెద్ద జింకకైనా నిశ్చింత. 6.5 క్రీడ్‌మూర్ 2007లో వచ్చింది, అదీ మంచిదే, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను 7ఎంఎం-08 ఎంచుకున్నది హుజూరాబాద్ అన్న దగ్గర అదే ఉండి, కొనకముందే నలభై రౌండ్లు కాల్చి చూసుకునే అవకాశం దొరికింది కాబట్టి.

కొలత గురించి కూడా చూసుకోండి, షాపులో దీని గురించి ఎవరూ చెప్పరు. మోచెయ్యి మడిచి, రైఫిల్ వెనక భాగాన్ని మోచేతి మడతలో ఆనించండి. చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా సులువుగా అందాలి. అందకపోతే ఆ కట్ట (రైఫిల్‌లో భుజానికి ఆనించే భాగం) మీకు పొడవు ఎక్కువ. మెడ సాచి గురి చూడాల్సి వస్తుంది, భుజంలో సరిగ్గా కూర్చోదు, తక్కువ తన్నే తూటా కూడా గట్టిగా తగులుతుంది. పొట్టి కట్టతో వచ్చే ‘కాంపాక్ట్’ రకాలు ఉంటాయి, పిల్లలవి అని మొహమాటపడకండి. వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ తప్పనిసరి. స్కోప్‌కూ కంటికీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఖాళీ ఉండేలా బిగించుకోండి. నా కనుబొమ్మ మీద గాటు ఇప్పటికీ ఉంది.

చప్పుడు కూడా ఫ్లించ్‌కు పెద్ద కారణమే. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్స్, రెండూ పెట్టుకోండి. బ్యారెల్ మూతికి మజిల్ బ్రేక్ అనే రంధ్రాల గొట్టం బిగిస్తే తన్ను తగ్గేమాట నిజమే. కానీ చప్పుడు భరించలేనంత పెరుగుతుంది, పక్కనున్న వాళ్ల చెవులకూ ప్రమాదం. ఈ క్యాలిబర్లకు దాని అవసరమే లేదు.

కొనే ముందు చట్టం చూసుకోండి. గ్రీన్ కార్డు ఉంటే సరే. హెచ్1బీ లాంటి వీసా మీద ఉంటే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి తుపాకీ అయినా అంతే. లైసెన్స్ చేతికొచ్చాకే రేంజ్‌కు వెళ్లండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలతో అక్కడ జింకను కొట్టకూడదు. ఇది చదివే మన ఊళ్ల వాళ్లకు ఒక మాట. నేను చెప్పేదంతా అమెరికాలో లైసెన్స్‌తో చేసే వేట గురించే. పాకాల అయినా, ఏటూరునాగారం అయినా, కవ్వాల్ అయినా మన దగ్గర జింకను, దుప్పిని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, జైలుకు పోతారు.

నవంబర్‌కు ఇంకా టైముంది కాబట్టి ఇలా చేయండి. స్నేహితుల దగ్గరున్న .243 ఒకటి, 7ఎంఎం-08 లేదా క్రీడ్‌మూర్ ఒకటి అడిగి, రేంజ్‌లో వాళ్లు పక్కనుండగా ఒక్కోదాంతో పది రౌండ్లు కాల్చండి. ఒకే రోజు ఇరవై దాటనివ్వకండి, అలసిన భుజానికి ఫ్లించ్ త్వరగా అంటుకుంటుంది. మిగతా సాధనంతా .22తో చేయండి, ట్రిగ్గర్ మీద వేలు కుదురుకోవడానికి అంతకు మించింది లేదు. చివర్లో డమ్మీ తూటా పరీక్ష పెట్టించుకోండి. బ్యారెల్ కదలకుండా ఉన్న రైఫిల్ ఏదో అదే కొనండి.

నేను .300 అమ్మేసి 7ఎంఎం-08తో మరో ఐదు సీజన్లు వెళ్లాను. నాలుగు జింకలు కొట్టాను. అన్నిటికంటే దూరం పరుగెత్తింది అరవై గజాలు. మీ డమ్మీ పరీక్షలో ఏం తేలిందో ఈ జవాబు కిందే రాయండి, కట్ట కొలతలు కూడా చెప్తే ఏ మోడల్ కుదురుతుందో చూసి చెప్తాను.