సముద్రం దాటబోతున్న మేనకోడలికి

గోపాల్‌పూర్, గంజాం జిల్లా

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జనవరిలో మరి నలుగురితో కలిసి విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు తెరచాప పడవలో వెళ్లబోతున్నావని నిన్న అక్క ఫోనులో చెప్పి ఏడ్చింది. తనకు ధైర్యం చెప్పాను గానీ, రాత్రంతా నాకూ కునుకు లేదు. అలాగని నిన్ను వద్దనడం లేదు. మన జిల్లాలోని తారాతారిణి అమ్మవారి పేరు పెట్టుకున్న ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే నౌకాదళ తెరచాప పడవలో 2017లో ఆరుగురు నౌకాదళ మహిళలు భూగోళం చుట్టడానికి బయలుదేరితే, వారిలో ఒకరు విశాఖ అమ్మాయని తెలిసి, మన ఇంటి ఆడపిల్ల కూడా అలా వెళితే ఎంత బాగుండునని అనుకున్నవాణ్ణి నేనే.

జనవరిని ఎంచుకోవడం మంచిదైంది. ఈశాన్యపు గాలి ఎడమ పక్క నుంచి తగులుతూ నడిపిస్తుంది. అక్టోబరు అని ఉంటే మాత్రం కాళ్లు పట్టుకునైనా ఆపేవాణ్ణి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన ఊరి దగ్గర తీరం దాటినప్పుడు తలుపుకు మంచం అడ్డం పెట్టి మీ అత్తయ్యా నేనూ తెల్లవార్లూ దానికి వీపు ఆనించి కూర్చున్నాం.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తగ్గకుండా లెక్కవేసుకుని, కొంత ట్యాంకులో, కొంత విడి డబ్బాల్లో ఉంచండి. డబ్బాల్లో కాస్త ఖాళీ వదిలితే సముద్రంలో పడినా తేలుతాయి. అట్టపెట్టెలు ఒడ్డునే వదిలేయండి, మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి.

ఇక అసలు సంగతి. నౌకాదళంలో చేరిన మూడో ఏట, ఇలాంటి ప్రయాణానికే పడవను సిద్ధం చేస్తుండగా, తెరచాప కొయ్య ఎక్కి, దాన్ని నిలబెట్టే ఉక్కు తాళ్ల పిన్నులన్నీ చూసి రమ్మని నాకు అప్పగించారు. ఎండ మండిపోతోంది, సాయంత్రం ఊరి రైలు అందుకోవాలి. కింది పిన్నులను వేలితో తడిమాను. పైవాటిని కింద నుంచే కళ్లు చికిలించి చూసి, కాగితంలో అన్నింటికీ టిక్కు పెట్టేశాను. ఐదో రాత్రి, కొయ్యను పడవ ముక్కు వైపు పట్టి ఉంచే ఉక్కు తాడు పై కొసన, అసలు పిన్ను జారకుండా దానికి గుచ్చే చీలిక పిన్ను (స్ప్లిట్ పిన్ను) చివరలు వంచకపోవడంతో ఊగి ఊగి జారిపోగా, దాని వెంట అసలు పిన్నూ ఊడి, తాడు చెళ్లుమని డెక్కు మీద పడింది. కొయ్య విరిగి మా మీద పడకుండా పడవను గాలివాలుకు తిప్పి, చాపను ఎత్తే మోకునే ముక్కు దగ్గర బిగించాం. తెల్లవారాక నేను ఎక్కుతానంటే, "నీ చేతులు వణుకుతున్నాయి, ఉండు" అని నాకంటే పెద్దాయన ఒకరు ఎక్కారు. పడవ ఒక్కసారి ఒరిగేసరికి ఆయన కుడిచేయి కొయ్యకూ తాడుకూ మధ్య నలిగింది. ఆ టిక్కు ఎవరిదని ఆయన ఏనాడూ అడగలేదు. ఏళ్ల తరువాత ఒక పెళ్లి పంక్తిలో ఆయన ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న నాకు ముద్ద దిగలేదు.

అందుకని, ఎవరు చూశామన్నా వినకుండా, ప్రతి పిన్నునూ నువ్వే వేలితో ముట్టుకుని, రెండు కొసలూ విప్పి వంచి, పైన టేపు చుట్టు. చుక్కానినీ అలాగే చూడు. తిరుగు ప్రయాణంలో తారిణి అంతటిది కూడా చుక్కాని తిప్పే భాగం చెడి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. కొయ్య ఎక్కేటప్పుడు ఒక్క తాడును నమ్ముకోవద్దు, నడుముకు రెండోది ఉండాలి. అమ్మ ఫోను చేస్తే ఎత్తు తల్లీ, పనిలో ఉన్నానని కోసెయ్యకు.

నువ్వు కొయ్య ఎక్కే రోజు ముందుగా చెప్పు. బరంపురంలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాను. ఆ రెండో తాడు కింద నేను పట్టుకుంటాను.

మామయ్య