కాలనీ పార్కుకి అట్టల మోడల్ ఎందుకు?

ప్రశ్న: మా కాలనీలో పార్కుకి వదిలిన స్థలం 20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు. ఒక మూల పెద్ద వేపచెట్టు ఉంది. కాంట్రాక్టరు కేటలాగు తెచ్చి జారుడుబల్ల, ఊయల, ఓపెన్ జిమ్ ఎంచుకోమంటున్నాడు. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మ కూడా చూపించాడు, బాగానే ఉంది. ఆర్కిటెక్చర్ చదివే మా అమ్మాయి మాత్రం ముందు అట్టతో మోడల్ చేద్దామంటోంది. అంత అవసరమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అవసరమేనమ్మా. త్రీడీ బొమ్మ చూసి "బాగుంది" అనడం తప్ప మనం చేసేదేమీ ఉండదు. మోడల్ అయితే మీ కాలనీలో ఏడేళ్ల పిల్లవాడు కూడా చెయ్యి పెట్టి "ఇది ఇక్కడొద్దు" అని పక్కకి జరుపుతాడు. పిల్లల జాగాకి కావలసింది ఆ చెయ్యే.

1:50 స్కేలులో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుకి, చేయమనండి. మీ స్థలం 40 × 60 సెంటీమీటర్లకి వస్తుంది, డైనింగ్ టేబుల్ మీద సరిపోతుంది. మూడు మిల్లీమీటర్ల మందం అట్ట తీసుకోండి. ఈ స్కేలులో ఒక పొర అంటే 15 సెంటీమీటర్లు, అంటే ఒక మెట్టు. మూడు పొరలు పేరిస్తే 45 సెంటీమీటర్లు: పెద్దవాళ్లకి కూర్చునే అరుగు, పిల్లలకి దూకే గట్టు. మీటరు ఎత్తు పిల్లవాడు రెండు సెంటీమీటర్లు ఉంటాడు. అట్టతో అలాంటి బొమ్మలు కత్తిరించి నిలబెట్టండి. ఫోన్ కెమెరాని ఆ ఎత్తుకి దించి చూస్తే, కాంట్రాక్టరు చెప్పే మూడడుగుల ప్రహరీ వాడికి ఎంత గోడో తెలుస్తుంది.

ఒక్క విషయంలో నాది పట్టుదల. మోడల్‌కి రంగులేసి, జిగురుతో అంటించి ముస్తాబు చేయనివ్వకండి. ముస్తాబు చూస్తే జనం నోరు మెదపరు. గుండుసూదులూ బంకమట్టీ చాలు. ఒక బడిలో ఇలాంటి మోడల్ ముందు పెడితే ఒక అమ్మాయి జారుడుబల్ల వైపే చూడలేదు. రెండు వేళ్లతో గట్టు అంచు మీద నడుస్తూ, మలుపు దగ్గర ఆగి, కిందికి దూకించింది. ఆ గట్టు మేం మొక్కల కోసం పెట్టింది. దాన్ని ఇంకా పొడిగించాం.

నేలే ఆట కావచ్చన్నది శిల్పి ఇసాము నొగుచి ఎప్పుడో చెప్పిన మాట. 1933లో ఆయన మెట్లూ వాలులూ ఉన్న ఒక గుట్టని 'ప్లే మౌంటెన్' పేరుతో ప్లాస్టర్‌లో చేశారు. న్యూయార్క్ పార్కుల కమిషనర్ రాబర్ట్ మోసెస్ దాన్ని తోసిపుచ్చారు. 1988లో జపాన్‌లోని సప్పొరో నగరం చెత్త పోసే స్థలాన్ని పార్కుగా మలచమంటే, 1:2000 మోడల్ చేసి ఇచ్చి ఆ డిసెంబరులోనే కన్నుమూశారు. ఆ మోడల్‌నే ఆధారం చేసుకుని మిగతావాళ్లు పని కొనసాగించారు. 2005లో పూర్తయిన ఆ మొయెరెనుమా పార్కులో ఇప్పుడు 30 మీటర్ల ప్లే మౌంటెన్ ఉంది. మీకు కొండ అక్కర్లేదు, నడుమెత్తు మట్టిదిబ్బ చాలు.

ఎండ సంగతి కూడా మోడలే చెబుతుంది. మే నెల సాయంత్రం నాలుగింటికి డాబా మీదికి తీసుకెళ్లి, అసలు స్థలం ఏ దిక్కుకి ఉందో అలాగే తిప్పిపెట్టండి. వేపచెట్టుకి బదులు తీగకి గుడ్డముక్క చుట్టి నిలబెట్టండి. నీడ ఎక్కడ పడుతుందో చూసి ఇసుకగుంటని అక్కడికి జరపండి. రేకు జారుడుబల్ల ఎండలో ఉంటే ఖమ్మం పిల్లలు దానిమీద కూర్చోలేరు.

మోడల్‌తో తేలనివీ ఉన్నాయి: టైల్ వానకి జారుతుందా, ఊయల గొలుసు గట్టిదేనా అన్నవి. వాటికి పనిచేసే మేస్త్రీని అడగండి. ఆఖరికి మోడల్‌లో ఉన్నదాన్ని ముగ్గుపిండితో స్థలంలో అసలు కొలతలకి గీయించండి. ఒక సాయంత్రం ఆ గీతల మధ్య పిల్లల్ని ఆడనిచ్చి, తరవాతే కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇవ్వండి.