అంత్యక్రియల క్రమం: ముందుగా ఏమి తెలుసుకోవాలి?

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై ఆరేళ్ళు. ఇక ఇంటికి తీసుకువెళ్ళమని వైద్యులు చెప్పేశారు. మేము అమలాపురం దగ్గర ఉంటాము. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు. కబురు అందాక రావడానికి రెండు రోజులైనా పడుతుంది. కర్మకాండ ఏ క్రమంలో సాగుతుందో, దేనికి ఎవరు ఉండాలో చెప్పగలరా? ఇప్పుడే ఇలా అడగడం తప్పేమోనని కూడా బెంగగా ఉంది. – ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: తప్పు కానే కాదు. తండ్రిని లోటు లేకుండా సాగనంపాలన్న తపనే మీచేత ఈ ప్రశ్న అడిగించింది. ఆయన మాట్లాడగలిగే స్థితిలో ఉంటే, ఆయన కోరికేమిటో మెల్లగా కనుక్కోండి.

మొదటి రోజు దహనం, పదో రోజు వరకు నిత్యకర్మ, పదకొండు, పన్నెండు రోజులలో పోయినవారిని పితృదేవతలలో చేర్చడం: కర్మకాండ స్థూలంగా ఈ మూడు భాగాలు. అందరూ మొదటి రోజు గురించే హైరానా పడతారు గాని, ఆ రోజు ఊరే వచ్చి నిలబడుతుంది. ముందుగా ఆలోచించి పెట్టుకోవలసినది తరువాతి రోజుల గురించే.

దహనం నాడు స్నానం చేయించి, పాడె మీద ఉంచి, దారిలో దింపుడు కళ్ళం దగ్గర దించి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. చితి దగ్గర కర్త, అంటే కర్మ చేసే వ్యక్తి, నీళ్ళకుండను భుజాన పెట్టుకుని తిరుగుతుంటే, చుట్టు చుట్టుకూ వెనకనున్నవారు కుండకు ఒక చిల్లు పెడతారు. మూడో చుట్టు అయ్యాక కుండను వెనక్కి వదిలేసి, చితికి నిప్పంటించి, వెనుదిరిగి చూడకుండా వచ్చేస్తారు. వరదల రోజులలో లంకల్లోనూ ఏటిగట్ల పక్కనా శ్మశానానికి దారి మునిగిపోతుంది కనుక, ఆ కాలమైతే మెరక చోటును, ఎండు కట్టెలను ముందే చూసి ఉంచండి.

అన్నయ్య కోసం ఫ్రీజరు పెట్టెలో ఉంచాలా వద్దా అన్నది ఇంటిల్లిపాదీ ఇప్పుడే అనుకోవలసిన మాట. దహనం చేసినవారే పదో రోజు వరకు కర్మ సాగించాలన్నది సాధారణ నియమం. ఆలస్యంగా వచ్చిన పెద్దకుమారుడు ఎక్కడి నుంచి అందుకోవచ్చో మీ ఇంటి పురోహితుణ్ణి అడగండి. అస్థిసంచయనం, అంటే చితి నుంచి అస్థికలను ఏరడం, అయ్యాక వాటిని కోటిపల్లిలో గాని, రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో గాని, అంతర్వేది సాగరసంగమంలో గాని కలపవచ్చు. ఆ పనికి అన్నయ్య తప్పక అందుతాడు.

పదో రోజున జ్ఞాతులందరూ, అంటే దాయాదులు, పోయినవారి పేర నువ్వులు కలిపిన నీళ్ళు (ధర్మోదకాలు) వదులుతారు కాబట్టి వారికి కబురు ముందే వెళ్ళాలి. పన్నెండో రోజు సపిండీకరణమే మొత్తం క్రతువుకు ఆయువుపట్టు. పోయినవారి పేర పెట్టిన పిండాన్ని మూడు భాగాలు చేసి, ఆయన తండ్రి, తాత, ముత్తాతల పిండాలలో కలుపుతారు. ఆ క్షణాన అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన ఉండేలా అన్నయ్య ప్రయాణాన్ని కుదుర్చుకోమని నా గట్టి సలహా. భోజనాల పెద్దరికం కోసం మాత్రం అప్పు చేయకండి; శాస్త్రం అడిగేది శ్రద్ధనే.

మూడో రోజు చిన్న దినం, పదకొండో రోజు పెద్ద దినం చేసే కుటుంబాలు, ఖననం చేసేవారు కూడా మన ప్రాంతంలో ఉన్నారు. మీ ఇంటి ఆనవాయితీనే పాటించండి.

మరణాన్ని 21 రోజులలోగా నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోండి. పోయిన రోజు తిథిని పంచాంగం చూసి రాసిపెట్టుకోండి. నెలనెలా పెట్టే మాసికాలకు, ఏటేటా పెట్టే ఆబ్దికానికి క్యాలెండరు తేదీ పనికిరాదు.