లారా వెళ్లే ముందు ఇది చదువు

నాన్నా,

ఈ నెలాఖరు శనివారం నువ్వూ నీ క్లాసు పిల్లలు ముగ్గురూ గ్లెండలాక్ లోయకు వెళ్లి స్పింక్ కొండ ఎక్కుతున్నామని మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే సగమే వింటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. వెళ్లొద్దని చెప్పడానికి కాదు. 2002లో నర్సుగా ఈ ఐర్లండ్ దేశం వచ్చిన కొత్తలో ఇంటిమీద బెంగతో అన్నం సహించేది కాదు నాకు. నన్ను మళ్లీ మనిషిని చేసింది ఆ లోయే. కానీ నవంబరులో కొండకు ఒక లెక్క ఉంటుంది, అది తెలిసి వెళ్లు.

అన్నిటికంటే ముందు ఒక మాట. శుక్రవారం సాయంత్రమే బయల్దేరి, ఆ లోయ పక్కనే ఉన్న లారా ఊళ్లో పడుకోండి. డబ్లిన్‌లో సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ దగ్గర సెయింట్ కెవిన్స్ బస్సు ఎక్కితే బ్రే, రౌండ్‌వుడ్ మీదుగా నేరుగా ఊళ్లో దించుతుంది. బస్సులు రోజుకు చాలా తక్కువ. శనివారం పొద్దున వచ్చి, కొండెక్కి దిగి, అదే రోజు తిరుగు బస్సు పట్టుకోవాలంటే శీతాకాలపు పగలు చాలదు. ఆదరాబాదరాగా ఎక్కేవాళ్లే అక్కడ కాళ్లు విరగ్గొట్టుకుంటారు. ఇద్దరికొక గది తీసుకుంటే మరీ అంత ఖర్చేమీ కాదు.

లారా చిన్న ఊరు. ఒక వంతెన, చర్చి, స్కూలు, పబ్, తినడానికి రెండు మూడు చోట్లు, అంతే. విక్లో కొండల్లో లోయలు కలిసే మూలలో ఉంది. ఒక పక్క గ్లెండలాక్, ఒక పక్క గ్లెన్‌మక్‌నాస్, కిందికి పోతే క్లారా లోయ. పైనుంచి దిగే వాగులన్నీ అక్కడ ఏవన్‌మోర్ నదిలో పడతాయి. రాత్రి దీపం ఆర్పేశాక కిటికీ కొంచెం తెరిచి చూడు, ఆ నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

గ్లెన్‌మక్‌నాస్ వైపు నుంచి ఊళ్లోకి దిగే దారిని మిలిటరీ రోడ్డు అంటారు. బ్రిటిష్ పాలన మీద 1798లో లేచిన తిరుగుబాటును అణిచేశాక కూడా తిరుగుబాటు నాయకుడు మైఖేల్ డ్వైర్, ఆయన మనుషులు ఈ కొండల్లోనే ఉండి 1803 డిసెంబరు దాకా లొంగలేదు. అలాంటివాళ్ల కోసం కొండల్లోకి సైన్యం నడవడానికని బ్రిటిష్ ప్రభుత్వం 1800లో ఆ రోడ్డు మొదలుపెట్టి 1809కి పూర్తి చేసింది. సైన్యాన్నే అంత తిప్పలు పెట్టిన కొండలు, ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోకు.

ఎందుకంటున్నానంటే, నీ మెసేజ్‌లో ఒక మాట ఉంది: "అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాడిని, ఈ 600 మెట్లు ఒక లెక్కా పెద్దమ్మా" అని. మెట్ల సంగతి కాదురా. అలిపిరి దారిలో నెత్తిన కప్పు ఉంటుంది, లైట్లుంటాయి, అడుగడుక్కీ మనుషులుంటారు. స్పింక్ మీద ఒక్క చెట్టు నీడ కూడా ఉండదు. గాలి వస్తే నిలబడడానికే కష్టం. మబ్బు దిగితే ముందు నడిచేవాడి వీపు కనపడదు. వాతావరణ శాఖ వాళ్లు గాలికి పసుపు హెచ్చరిక ఇచ్చినా సరే, ఆ రోజు పైకి వెళ్లకండి. కింద సరస్సుల చుట్టూ తిరిగి రండి, అదీ అందమే.

ఇప్పుడు టైము లెక్క. తెల్ల బాణాలు గుర్తుగా ఉన్న దారి సుమారు 9 కిలోమీటర్లు, ఎక్కుడు 380 మీటర్ల దాకా ఉంటుంది. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికీ ఇంకో గంట అని కొండలు ఎక్కేవాళ్లు వేసుకుంటారు. అలా చూస్తే రెండున్నర గంటలే. కానీ నలుగురు కుర్రాళ్లు, నాలుగు ఫోన్లు, ఫొటోలు, మధ్యలో తిండి. నాలుగు గంటలు వేసుకో. లారా నుంచి పై సరస్సు దాకా (లోయలో ఉన్న రెండు సరస్సుల్లో ఎగువది) నడిచి వెళ్లి రావడానికి ఇంకో రెండు గంటలు. నవంబరు చివర్లో అక్కడ సాయంత్రం నాలుగుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు. అసలు మోసం అది కూడా కాదు. స్పింక్ కొండ పై సరస్సుకు దక్షిణంగా గోడలా ఉంటుంది, చలికాలంలో సూర్యుడు దాని వెనక నుంచే పోతాడు. గడియారంలో అస్తమయం ఒకటి, లోయలో వెలుతురు పోయేది ఇంకొకటి. రెండున్నరకల్లా కొండ దిగి అడుగున ఉండాలి. పన్నెండున్నరకు ఇంకా గట్టు మీదే నడుస్తుంటే ఫొటోలు ఆపేసి నడవండి. అసలు పైకే చేరకపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

పౌలనాస్ జలపాతం పక్కనుంచి ఎక్కి, చెక్కమెట్లు పైకి ఎక్కి, గట్టు మీద నడిచి, గ్లెనీలో లోయలోకి దిగి, పాత సీసపు గనుల ఊరి శిథిలాల మీదుగా సరస్సు ఒడ్డున మైనర్స్ రోడ్డు పట్టి రండి. అటునుంచి ఇటు చెయ్యొద్దు. ఒక నవంబరులో నేనూ నాతో పనిచేసే ఇద్దరు నర్సులూ అదే తప్పు చేశాం. గనుల వైపు నుంచి ఎక్కి, మెట్లకు వచ్చేసరికి చీకటి పడిపోయింది. ఆ మెట్లు రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు, కాలు జారకుండా పైన ఇనుప వల కొట్టి ఉంటుంది. వల చిరిగిన చోట తడిచెక్క నూనె పూసినట్టుంటుంది. అలాంటి మెట్టు మీద మా వాళ్లలో ఒకామె చీలమండ మెలిపడింది. కింద కనిపించని సరస్సు, పైన వాన, చేతిలో ఒకే ఒక్క ఫోను లైటు. వెనక నుంచి దిగుతున్న ముసలి దంపతులు ఆగి, వాళ్ల హెడ్‌టార్చి మాకిచ్చి, ఆవిణ్ణి చెరోపక్క పట్టుకుని గంటన్నర మాతోనే దిగారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ బాధగా ఉంటుంది. నేను చెప్పిన వైపు నుంచి ఎక్కితే చివరి భాగం చదును దారి, కాస్త ఆలస్యమైనా ప్రాణం మీదికి రాదు.

జీన్సు వేసుకోకు. తడిస్తే ఒంటికి అంటుకుని వేడి లాగేస్తుంది, ఆరదు. లోపల సన్నటిది, మధ్యన ఉన్నిది, పైన వాన ఆగే జాకెట్టు. అదనంగా ఒక జత సాక్సు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకో. పులిహోర పట్టుకెళ్తారని తెలుసు, చలికి మెతుకు గట్టిపడిపోతుంది. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్లు, గట్టు మీద ఆ నాలుగు గుక్కలు అమృతం. ఎవరికైనా దెబ్బ తగిలి కదల్లేకపోతే 112 గానీ 999 గానీ కొట్టి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడుగు. వచ్చేవాళ్లు జీతం తీసుకునేవాళ్లు కాదు, సొంత పనులు వదిలి వచ్చే వాలంటీర్లు. అవసరమైతే మొహమాటపడకు, అవసరం లేకుండా పిలవకు.

ఊరివాళ్ల సంగతి. దారిలో ఎదురైన ప్రతివాళ్లనీ పలకరించు. కారులో పోయేవాళ్లు స్టీరింగు మీంచి వేలు పైకెత్తుతారు, అది నీకే, నువ్వూ చెయ్యెత్తు. గేటు ఎలా ఉంటే అలాగే వదిలిపెట్టు. మూసుంటే మూసెయ్యి, తెరిచుంటే తెరిచే ఉంచు. గొర్రెల వీపు మీద నీలమో ఎరుపో రంగు మచ్చలుంటాయి, ఎవరి మందో చెప్పే గుర్తు అది. ఫొటో కోసం వాటి వెంట పడొద్దు.

పొద్దున ఊరి నుంచి గ్రీన్ రోడ్డు పట్టి చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లండి, పాత మఠం దగ్గర పది నిమిషాలు ఆగండి. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ మొదలుపెట్టిన చోటు. అక్కడి గుండ్రటి గోపురం 30 మీటర్లు, దాని గుమ్మం నేల నుంచి మూడున్నర మీటర్ల పైన. కెవిన్ చేతులు చాచి ప్రార్థన చేస్తుంటే అరచేతిలో పిట్ట గూడు కట్టి గుడ్లు పెట్టిందట, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆయన చెయ్యి కదపలేదట. నాకు అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ కథే గుర్తొస్తుంది.

శుక్రవారం రాత్రి లారా చేరగానే ఒకసారి, కొండ దిగాక ఇంకోసారి ఫోన్ చెయ్యి. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను. హెడ్‌టార్చీలు రెండున్నాయి నా దగ్గర, కొత్త బ్యాటరీలు వేసి పెట్టాను. గురువారం డ్యూటీ అయ్యాక ఇంట్లోనే ఉంటాను, వచ్చి తీసుకెళ్లు. అన్నం తినే వెళ్దువుగాని.

పెద్దమ్మ