తిండి సంగతి తర్వాత, ముందు ఆ సూది ఆపండి

ప్రశ్న: నా వయసు 32. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. వీర్య పరీక్షలో కణాలు సున్నా అన్నారు. 15 ఏళ్లప్పుడు గవదబిళ్లలు వచ్చి ఒక వృషణం వాచింది. నీరసంగా ఉంటోందని, జిమ్‌లో తెలిసినవాళ్లు చెబితే ఆరు నెలలుగా రెండు వారాలకోసారి టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ చేయించుకుంటున్నాను. ఓపిక వచ్చింది. కణాలు పెరగాలంటే ఏం తినాలి?
– ఓ పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ఆ సున్నా ఇంజక్షన్‌కి ముందు వచ్చిందా, మొదలుపెట్టాకా? అసలు విషయం అదే, మీరు రాయలేదు.

టెస్టోస్టిరాన్ అంటే మగ హార్మోన్. అది బయటి నుంచి ఎక్కితే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పంపడం తగ్గించేస్తుంది. అవి అందకపోతే వృషణాల్లో కణాల తయారీ ఆగిపోతుంది. రక్తంలో హార్మోన్ నిండుగా ఉంటుంది, వృషణంలో కరువు. బాగా ఉన్నవాళ్లకే ఈ సూదితో కణాలు సున్నాకి పడిపోతాయి. ఇది సాగుతుండగా ఏం తిన్నా, ఏ లేహ్యం వాడినా లాభం లేదు. పిల్లలు కావాలనుకునేవారికి మేం ఈ మందు రాయం. చీటీ లేకుండా మీకు అమ్మినవాళ్లదీ తప్పే, అడగకుండా వేయించుకున్న మీదీ తప్పే. పైగా ఇది రక్తాన్ని చిక్కబరుస్తుంది. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే మందు ఆపాల్సిందే. ఈ ఆరు నెలల్లో ఒక్కసారైనా ఆ రక్త పరీక్ష చేయించారా?

ఆపాక కొన్ని వారాలు నీరసం, దిగులు రావచ్చు. ఓర్చుకోలేనట్టుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి, మళ్లీ సూది దగ్గరికి కాదు. కణాలు తిరిగి రావడానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది.

గవదబిళ్లల వాపు ఒకవైపే అయితే రెండోది చాలావరకు పనిచేస్తుంది. నిజంగా వృషణ వైఫల్యమా అన్నది, సూది ఆపి మూడు నెలలయ్యాక తేల్చుకోవచ్చు. ఉదయం పది లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో టెస్టోస్టిరాన్ చేయించండి, వాటితోపాటు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్. టెస్టోస్టిరాన్ తక్కువగా, ఆ రెండూ ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లోనే. మూడూ తక్కువైతే సూది ప్రభావం ఇంకా పోలేదనో, పిట్యూటరీలో ఏదో ఉందనో అనుమానించాలి. వృషణాలు బాగా చిన్నవిగా, గట్టిగా ఉంటే పుట్టుకతో వచ్చిన జన్యు లోపమేమో చూసే క్రోమోజోమ్ పరీక్ష కూడా అవసరం.

వీర్యం ఇంట్లో పట్టి బస్సులో విజయనగరం తీసుకెళ్లకండి. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి, ల్యాబ్‌లోనే ఇవ్వండి.

వైఫల్యమని తేలినా, కొందరిలో మైక్రోస్కోప్ ఆపరేషన్‌తో వృషణం నుంచే కణాలు తీయగలుగుతున్నారు. టెస్టోస్టిరాన్ అవసరమైతే ఆ తర్వాత, ఎముకల బలం, రక్తం చూసుకుంటూ డాక్టరే ఇస్తారు. మిమ్మల్ని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతోపాటు ఆ ఇంజక్షన్ అట్టపెట్టె, మీ భార్యనీ తీసుకెళ్లండి. ఆమె పరీక్షలు కూడా ఇంతవరకు కాలేదేమో.