చేపల ట్యాంకు మొక్కలకు డీఏపీ వద్దండీ, 0-52-34 ఎరువు తెచ్చుకోండి

మీ 100 లీటర్ల చేపల ట్యాంకులో అనూబియాస్ అనే నీటి మొక్క ఆకుల మీద, అద్దం మీద తుడిచినా పోని పచ్చ చుక్కలు పడుతున్నాయని, అక్వేరియం షాపులో ఫాస్ఫేట్ సీసా ఖరీదు ఎక్కువ కాబట్టి డీఏపీ వేయొచ్చా అని అడిగారు. ఆ చుక్కలు ఒక రకం నాచు, నీళ్లలో ఫాస్ఫేట్ తక్కువైనప్పుడు పడుతుంది, నిజమే. కానీ డీఏపీ మాత్రం దయచేసి వేయకండి.

నేను వేశాను. ఉప్పల్‌లో ఉన్నప్పుడు, డాబా మీద కుండీల కోసం తెచ్చిన డీఏపీ గుళికలు నాలుగు నలిపి ట్యాంకులో కలిపాను. తెల్లారి చూస్తే గప్పీ చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సగం నీళ్లు మార్చి వాటిని కాపాడుకున్నాను గానీ రొయ్యలు ఒక్కటీ దక్కలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. డీఏపీలో ఉండే 18 శాతం నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మాది బోరు నీళ్లు, పీహెచ్ 8 దాకా ఉండేది. పీహెచ్ పెరిగేకొద్దీ అందులో విషపు అమ్మోనియా వాటా పెరుగుతుంది. 12-61-0, 19-19-19 ఎరువు ప్యాకెట్లలోనూ అమ్మోనియం ఉంటుంది, అవీ వద్దు.

మీకు కావలసింది మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఎరువుల షాపులో 0-52-34 అని అడిగితే చాలు, డ్రిప్ మీద కూరగాయలు వేసే రైతులు వాడేదే. ఆ అంకెలు వరుసగా నత్రజని, ఫాస్ఫేట్, పొటాష్ శాతాలు; మొదటి సున్నా అంటే నత్రజని లేదని. నేను చేవెళ్ల వైపు వెళ్లినప్పుడు కిలో ప్యాకెట్ తెచ్చుకున్నాను, మూడు వందల లోపే అయింది. సూక్ష్మ పోషకాలు కలిపిన రకం కాకుండా చూసుకోండి.

మీ ట్యాంకుకు ఒక పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) ఫాస్ఫేట్ రావాలంటే 0.14 గ్రాములు చాలు. వంటింటి కాటా మీద అంత తక్కువ తూగదు. అందుకని 7 గ్రాములు తూచి, 500 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లలో కరిగించి సీసాలో పోసుకోండి. మందు సిరంజీతో 10 మిల్లీలీటర్లు వేస్తే ఒక పీపీఎం. వారానికి రెండుసార్లు వేసి, వారాంతంలో సగం నీళ్లు మార్చండి. మొక్కలకు వేసే ఐరన్ మందు అదే సీసాలో కలపొద్దు, రెండూ కలిస్తే అడుగున పేరుకుపోతాయి. ఒకరోజు ఇది, మర్నాడు అది.

పాత చుక్కలు వాటంతట అవి పోవు, అద్దం మీదవి బ్లేడుతో గీకాల్సిందే. కొత్త ఆకులు చూడండి. నాకు మూడో వారంలో అనూబియాస్ కొత్త ఆకు ఒక్క చుక్క కూడా లేకుండా నిగనిగలాడుతూ విచ్చుకుంది. లైటు ఎనిమిది గంటలు మించి వెలుగుతుంటే ముందు అది తగ్గించండి.

పొడి పంచదారలా ఉంటుంది. బిగుతు మూత డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. మీకు వారానికి అర గ్రాము కూడా ఖర్చవదు కాబట్టి, ట్యాంకులున్న స్నేహితులతో ఆ కిలో పంచుకోండి.